పెద్దప్రేగు రాచపుండు - పుట్టుకతో వచ్చు రక్షణబలము

ఒకే యింట పుట్టి, ఒకే వంట తిని పెరిగిన అన్నదమ్ములలో ఒకనికి యాబదియవ యేట పెద్దప్రేగులో రాచపుండు పుట్టవచ్చును. రెండవవాడు ఎనుబది యేండ్లు నిండినను ఆ వ్యాధి యెట్టిదో యెరుగకుండ జీవింపవచ్చును. ఇట్టివి చూచినప్పుడు లోకులు "అంతయు తలవ్రాత" అని సరిపెట్టుకొందురు. శాస్త్రజ్ఞులకు ఆ మాటతో తృప్తి కలుగదు. నుదుటి వ్రాత సంగతి యెట్లున్నను, దేహమందలి దాదాపు ప్రతి జీవకణములోను తల్లిదండ్రులనుండి సంక్రమించిన వ్రాత యొకటి నిజముగనే కలదు. అదియే జన్యువుల సముదాయము. జన్యువులలో కొన్ని కన్నుల రంగును, కొన్ని శరీరపు పొడవును నిర్ణయించునట్లే, మరికొన్ని రోగములతో పోరాడు శక్తి యెట్లుండవలెనో నిర్ణయించును. ఈ కడపటి రకపు జన్యువులలోని భేదములకును, పెద్దప్రేగు రాచపుండునకును గల సంబంధము గత యిరువది యైదేండ్లలో చాలవరకు స్పష్టపడినది. "మా వంశములో ఉన్నది గనుక తప్పదు" అను భయమును, "మా వంశములో లేదు గనుక రాదు" అను ధీమాయు రెండును సరికావని దానివలన తేలినది.

రాచపుండునే నేడు అందరును క్యాన్సరు అనుచున్నారు. 2022వ సంవత్సరమున ప్రపంచమంతటను సుమారు 19 లక్షలమందికి పెద్దప్రేగులోనో, దాని కొనభాగమైన పురీషనాళములోనో ఈ వ్యాధి క్రొత్తగా కనిపించినదనియు, సుమారు 9 లక్షలమంది దీనివలన మరణించిరనియు అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ అంచనా వేసినది. క్రొత్త రోగుల సంఖ్యనుబట్టి చూచినచో ఊపిరితిత్తుల క్యాన్సరు, రొమ్ము క్యాన్సరుల తరువాత ఇది మూడవది. మరణముల సంఖ్యనుబట్టి రెండవది. భారతదేశమున దీని వ్యాప్తి ఐరోపా, ఉత్తర అమెరికాలలో కంటె చాల తక్కువ. అయినను ఇచ్చట అనేకులు వ్యాధి ముదిరిన పిమ్మటనే వైద్యుని యొద్దకు పోవుచున్నారు.

ఐదడుగుల గొట్టము

పెద్దప్రేగు సుమారు ఐదడుగుల పొడవుగల కండరపు గొట్టము. దాని లోపలి తలమును కప్పియున్న పొర యొక్క మందము ఒక జీవకణము మాత్రమే. ఈ పొరలో లక్షలకొలది చిన్న చిన్న గుంటలు కలవు. ప్రతి గుంట అడుగునను మూలకణములు కొన్ని యుండి ఎడతెగక విభజన చెందుచుండును. అట్లు పుట్టిన క్రొత్త కణములు మెల్లమెల్లగ పైకి జరిగి, నాలుగైదు దినములలో గుంట అంచునకు చేరి, ప్రేగులోనికి రాలిపోవును. అనగా వారము తిరుగకుండగనే ప్రేగు పాత బట్ట విడిచి క్రొత్త బట్ట కట్టుకొనుచున్నదన్నమాట.

ఇంత వేగముగ కణవిభజన జరుగుచోట పొరపాట్లు దొరలుట సహజము. కణము రెండుగ చీలుటకు ముందు తనలోని జన్యుపదార్థమునకంతటికిని ఒక నకలు తీసికొనవలెను. ఆ వ్రాతలో తల్లినుండి వచ్చిన వరుసలో 300 కోట్ల అక్షరములును, తండ్రినుండి వచ్చిన వరుసలో మరి 300 కోట్ల అక్షరములును ఉండును. వ్రాయసకాడు ఎంత నేర్పరియైనను తాటాకు గ్రంథమునకు నకలు తీయునప్పుడు ఒకటి రెండు తప్పులు పడకపోవు. ఇచ్చటను అంతే. పడిన తప్పులలో పెక్కింటిని కణమే దిద్దుకొనును. దిద్దుబాటును తప్పించుకొన్నవానిలో కొన్ని మాత్రము కణమునకు హద్దులేని పెరుగుదల నిచ్చును. అప్పుడు ప్రేగు గోడపై పాలిప్ అను చిన్న కండమొటిమ లేచును. అట్టి మొటిమలలో కొద్ది మాత్రమే, సాధారణముగ పదేండ్లో అంతకు మించియో గడచిన మీదట, క్యాన్సరుగ మారును. ఈ పదేండ్ల గడువే మానవునకు దొరకిన అవకాశము. ఈ గడువులో మొటిమ అణగిపోవునా, పెరుగునా యను విషయమున శరీరపు రక్షణ వ్యవస్థకు గొప్ప పాత్ర కలదు.

తలారి కుండవలసిన రెండు గుణములు

ఒక్క కణము మందమున్న ఈ పొరకు ఒక వైపున లెక్కకు మిక్కిలియైన సూక్ష్మజీవులు కాపురమున్నవి. ఒక మనిషి దేహములో నివసించు బాక్టీరియాల సంఖ్య సుమారు 38 లక్షల కోట్లని 2016లో లెక్క కట్టిరి. వానిలో మిక్కిలి యెక్కువ భాగము పెద్దప్రేగులోనివే. పొరకు రెండవ వైపున రోగనిరోధక దళములు కాచుకొనియుండును. వానిలో సూక్ష్మజీవులను మ్రింగివేయు భక్షక కణములు, ప్రతిరక్షకములను తయారుచేయు బి-లింఫోసైట్లు, చెడిపోయిన కణములను గుర్తించి చంపు టి-లింఫోసైట్లు ముఖ్యమైనవి. దినమునకు కొన్ని గ్రాముల ప్రతిరక్షకములు ప్రేగులలోనికి ఊరుచుండుననగా అచ్చట కావలి యెంత గట్టిదో ఊహింపవచ్చును.

ఈ కావలివారి పని మిక్కిలి సున్నితమైనది. తినిన అన్నమును పరాయి వస్తువని తరిమివేయరాదు. జీర్ణక్రియకు సాయపడు బాక్టీరియాలను సహింపవలెను. అపకారము చేయువానిని మాత్రము చంపవలెను. అన్నిటికంటె కష్టమైనది, సొంతవారిలోనే దారి తప్పినవానిని, అనగా క్యాన్సరు బాటలో కాలుపెట్టిన కణమును, కనిపెట్టి తొలగింపవలెను. ఊరి తలారి నిద్రపోయినను ఊరికి చేటే. కనబడినవారినెల్ల కర్రతో మోదినను చేటే. మెలకువ, ఓర్పు అను రెండు గుణములును అతనికి కావలెను. పెద్దప్రేగు క్యాన్సరు విషయమున రోగనిరోధక జన్యువులు చేయు మేలు, కీడు అంతయు ఈ రెండు గుణముల తూకములోనే యున్నది.

ఊహ నిజమైన విధము

శరీరములో అప్పుడప్పుడు పుట్టు క్యాన్సరు కణములను రోగనిరోధక శక్తి మొలకలోనే త్రుంచివేయుచున్నదని జర్మను శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ 1909లో ఊహించెను. 1957లో ఆస్ట్రేలియా దేశీయుడైన మాక్‌ఫర్లేన్ బర్నెట్ ఆ యూహను పెంపొందించెను. కాని గట్టి నిదర్శనములు దొరకకపోవుటచే చాలకాలము అది వాదములకే పరిమితమైయుండెను. 2001లో అమెరికాలో రాబర్ట్ ష్రైబరును ఆయన సహచరులును, లింఫోసైట్లు లేని చిట్టెలుకలలో క్యాన్సరులు హెచ్చుగ పుట్టునని ప్రయోగపూర్వకముగ చూపిరి.

పెద్దప్రేగు విషయమున మరింత స్పష్టమైన సాక్ష్యము 2006లో పారిస్ నగరమునుండి వచ్చినది. జెరోమ్ గలోన్ బృందము శస్త్రచికిత్సలో తొలగించిన ప్రేగు క్యాన్సరు గడ్డలను పరీక్షించి, గడ్డ నడుమను, దాని అంచునను టి-లింఫోసైట్లు ఎంత దట్టముగ నున్నవో లెక్కించెను. టి-లింఫోసైట్లు దట్టముగ చేరినవారు ఎక్కువకాలము బ్రతికిరి. గడ్డ ఎంత లోతుగ పాకినది, ఎంత దూరము వ్యాపించినది అను వాడుకలోని కొలతలకంటె ఈ లెక్కయే రోగి భవిష్యత్తును చక్కగ తెలిపినది. అనగా ప్రేగులోని తలారి నిజముగనే పనిచేయుచున్నాడని ఋజువైనది. అయితే ఆ తలారి నేర్పు అందరిలో ఒకే తీరున ఉండదు. ఆ తేడాలో పుట్టుకతో వచ్చినది ఎంత యను ప్రశ్నకు కుటుంబములను పరిశీలించినప్పుడే సమాధానము దొరకినది.

కుటుంబములు చెప్పిన సాక్ష్యము

స్వీడన్, డెన్మార్క్, ఫిన్లండ్ దేశములలోని 44,788 కవల జంటల ఆరోగ్య వివరములను పరిశీలించి 2000వ సంవత్సరమున ఒక నివేదిక ప్రకటించిరి. ఒకే పోలిక కవలలకు జన్యువులన్నియు సమానము. వేరు పోలిక కవలలకు సగము మాత్రమే సమానము. మొదటి రకపు జంటలలో ఇద్దరికిని వ్యాధి వచ్చుట రెండవ రకపు జంటలలో కంటె ఎంత హెచ్చుగ నున్నదో చూచినచో వంశపారంపర్యపు పాలు తెలియును. పెద్దప్రేగు క్యాన్సరు విషయమున ఈ పాలు 100కి 35 అని వారు తేల్చిరి. నూరుగురు రోగులలో 35 మందికి వంశమువలననే వచ్చినదని దీని యర్థము కాదు. మనుష్యులలో ఒకరికి ముప్పు ఎక్కువగను, మరొకరికి తక్కువగను ఉండుటకు గల కారణములలో మూడవ వంతునకు కొంచెము పైగ జన్యువులలో నున్నదని మాత్రమే అర్థము. మిగిలినది ఆహారము, అలవాట్లు, పరిసరములు, యాదృచ్ఛికముగ జరుగు పొరపాట్లు.

ఒక్క జన్యువులోని గట్టి లోపము తరతరములకు సంక్రమించు కుటుంబములును కొన్ని కలవు. 1895లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రములో దర్జీపని చేసికొను ఒక యువతి, తన వారిలో అనేకులు ప్రేగు, గర్భాశయ వ్యాధులతో పోయిరనియు, తనకును అదే గతి పట్టుననియు ఆల్డ్రెడ్ వార్తిన్ అను వైద్యశాస్త్రజ్ఞునితో చెప్పెను. ఆమె భయపడినట్లే జరిగినది. వార్తిన్ ఆ కుటుంబపు వివరములు సేకరించి 1913లో ప్రకటించెను. 1966లో హెన్రీ లించ్ ఇట్టివే మరి రెండు కుటుంబములను గూర్చి వ్రాసెను. అందువలననే నేడు దీనికి లించ్ లక్షణసముదాయము అని పేరు. 1993, 1994 సంవత్సరములలో దీనికి మూలమైన జన్యువులు దొరకినవి. ఇవి నకలులోని తప్పులను దిద్దు జన్యువులు. వీనిలో ఒకటి పుట్టుకతోనే చెడియున్నచో తప్పులు దిద్దబడక కుప్పతెప్పలుగ పేరుకొనును. ప్రేగు క్యాన్సరు రోగులలో నూటికి సుమారు ముగ్గురు ఇట్టివారు.

ఈ జన్యువులు స్వయముగ రోగనిరోధక జన్యువులు కావు. అయినను రోగనిరోధక శక్తి యొక్క పాత్ర వీనివలననే తేటపడినది. ఒక పంక్తిలో ఒక్క అక్షరము జారిపోయి, తరువాతి అక్షరములన్నియు ఒక్కొక్కటి ముందునకు జరిగినచో మాటలన్నియు అర్థములేనివగును. దిద్దుబాటు చెడిన కణములలో ఇట్టి అక్షరలోపములు వేలకొలది జరిగి, శరీరమెన్నడును చూచియెరుగని వింత మాంసకృత్తులు తయారగును. వీనిని చూచి టి-లింఫోసైట్లు గుంపులుగ వచ్చి గడ్డను చుట్టుముట్టును. అందుచేతనే ఇట్టి క్యాన్సరులు తొలిదశలలో తక్కిన ప్రేగు క్యాన్సరులకంటె మెల్లగ వ్యాపించును. తప్పులు ఎక్కువైనకొలది తలారికి దొంగను గుర్తించుట సులభమైనదన్నమాట.

మచ్చు చూపు గిన్నెలు

కణము లోపల తయారైన వింత మాంసకృత్తు బయటనున్న లింఫోసైటునకు ఎట్లు కనబడును? ధాన్యపు బజారులో బస్తానంతయు విప్పి క్రుమ్మరింపరు. బస్తాకు గుచ్చి గుప్పెడు గింజలు తీసి కొనువానికి మచ్చు చూపుదురు. కణములును ఇట్లే చేయును. తమలోని మాంసకృత్తులను చిన్న తునకలుగ త్రుంచి, ఒక్కొక్క తునకను ఒక గిన్నెవంటి అణువులో పెట్టి తమ వెలుపలి తలముపై ప్రదర్శించును. లింఫోసైట్లు తిరుగుచు ఈ మచ్చులను తడవి చూచును. మచ్చు మామూలుదైనచో ముందుకు సాగును. వింతదైనచో ఆ కణమును చంపును.

ఈ గిన్నెలకు హెచ్.ఎల్.ఏ. అణువులని పేరు. వీనిని తయారుచేయు జన్యువులు ఆరవ క్రోమోసోముపై ఒకేచోట గుంపుగ నున్నవి. వీనిలో మొదటిదానిని 1958లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్ దోసే కనుగొనెను. అందుకు 1980లో ఆయన నోబెల్ బహుమానములో పాలు పొందెను. మూత్రపిండము మార్చుటకు ముందు ఇచ్చువారికిని, పుచ్చుకొనువారికిని కుదిరినదా లేదా యని చూచునది ఈ అణువులనే. గిన్నెలో పెట్టి చూపినగాని టి-లింఫోసైటు దేనిని గుర్తింపలేదని 1974లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా నగరమున పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ కనుగొనిరి. వారికి 1996లో నోబెల్ బహుమానము లభించినది.

మానవ జన్యువులన్నింటిలోను ఇన్ని రూపభేదములున్నవి మరి లేవు. ఇంతవరకు 40 వేలకు పైగ హెచ్.ఎల్.ఏ. రూపములు నమోదైనవి. ఒక్క మనిషిలో మాత్రము వీనిలో కొద్ది రూపములే యుండును. సగము తల్లినుండి, సగము తండ్రినుండి. ఒక్కొక్క రూపపు గిన్నెకు అడుగుభాగము ఒక్కొక్క తీరున ఉండును. ఒక గిన్నెలో చక్కగ అమరిన తునక మరొకదానిలో నిలువదు. కావున ఒకే తప్పు ఇద్దరి ప్రేగులలో పుట్టినను, ఒకనిలో అది మచ్చుగ వెలుపలకు వచ్చి పట్టుబడును. రెండవవానిలో లోపలనే దాగిపోవును. తల్లినుండి ఒక రూపము, తండ్రినుండి వేరొక రూపము వచ్చినవానికి గిన్నెల రకములు ఎక్కువ. కనుక చూపగల మచ్చులును ఎక్కువ. ఈ గిన్నెల ప్రాముఖ్యము క్యాన్సరు కణములకును తెలిసినట్లే యుండును. లింఫోసైట్లు చుట్టుముట్టిన ప్రేగు క్యాన్సరులలో కొన్ని, గిన్నెను నిలబెట్టు బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అను మాంసకృత్తును తయారుచేయుట మానివేసి, మచ్చు చూపకుండ తప్పించుకొనును.

మేల్కొని కొట్టు తలారి

ఇంతవరకు చెప్పినది నిద్రపోవు తలారి సంగతి. అనవసరముగ కర్ర ఝళిపించు తలారి వలన వచ్చు చేటు వేరు. గాయమైనచోట ఎరుపు, వేడి, వాపు, నొప్పి కలుగుట అందరెరిగినదే. దీనిని శోథ అందురు. గాయము మానగనే శోథ చల్లారవలెను. ప్రేగులో అది చల్లారక ఏండ్ల తరబడి రగులుచున్నచో, భక్షక కణములు విడుచు తీవ్ర రసాయనములు పొరుగు కణముల జన్యువులను చెరచును. చచ్చిన కణముల స్థానమును పూరించుటకు మూలకణములు మరింత వేగముగ విభజన చెందును. నకళ్లు పెరిగినకొలది తప్పులును పెరుగును.

పెద్దప్రేగులో పుండ్లు పడి దీర్ఘకాలము బాధించు శోథవ్యాధి యొకటి కలదు. 2001లో వివిధ దేశముల లెక్కలను క్రోడీకరించి చూడగా, ఈ వ్యాధి ఉన్నవారిలో పదేండ్లకు నూటికి ఇద్దరికిని, ఇరువదేండ్లకు ఎనమండుగురికిని, ముప్పదేండ్లకు పదునెనమండుగురికిని ప్రేగు క్యాన్సరు వచ్చినట్లు తేలినది. మంచి మందులు, క్రమమైన పరీక్షలు వచ్చిన పిమ్మట ఈ సంఖ్యలు తగ్గినవి. అయినను శోథకును క్యాన్సరునకును గల చుట్టరికము దీనివలన స్పష్టమగుచున్నది.

శోథవ్యాధులకు లోనగు స్వభావము చాలవరకు రోగనిరోధక జన్యువులనుబట్టి యుండును. 2001లో రెండు పరిశోధక బృందములు, ఒకదానితో నొకటి సంబంధము లేకుండనే, పదునారవ క్రోమోసోముపైనున్న నాడ్-2 అను జన్యువునందలి కొన్ని భేదములు క్రోన్ వ్యాధి యను శోథవ్యాధికి దారితీయునని కనుగొన్నవి. బాక్టీరియాల గోడలోని ఒక తునకను పసికట్టుట నాడ్-2 చేయు పని. ఈ ముక్కు మొద్దుబారినచో, ప్రేగు తన బాక్టీరియాలతో సామరస్యము చెరచుకొనును. 2006లో మరొక జన్యువు బయటపడినది. ఇంటర్‌ల్యూకిన్-23 అను సందేశమును అందుకొను గ్రాహకపు జన్యువది. దానిలోని ఒక అరుదైన భేదము శోథవ్యాధిని తెచ్చుటకు బదులు దానినుండి కాపాడును. భేదమనగా లోపమే యనుకొనరాదని ఇది తెలుపుచున్నది.

జన్యువు, శోథ, సూక్ష్మజీవి అను మూడును కలిసి పనిచేయు విధము చిట్టెలుకలపై చేసిన ప్రయోగములలో చక్కగ కనబడినది. శోథను చల్లార్చు సందేశము ఇంటర్‌ల్యూకిన్-10. దాని జన్యువును తీసివేసిన చిట్టెలుకలకు ప్రేగుశోథ వచ్చునని 1993లో తెలిసినది. వానినే సూక్ష్మజీవులు లేని గదులలో పెంచినప్పుడు శోథ రాలేదు. 2012లో అమెరికాలోని పరిశోధకులు ఇట్టి చిట్టెలుకలకు ఒక ప్రత్యేకపు ఇ.కోలై బాక్టీరియాను ఎక్కించిరి. కోలిబాక్టిన్ అను విషమును తయారుచేయగల బాక్టీరియాలున్న చిట్టెలుకలలో క్యాన్సరులు హెచ్చుగ పుట్టినవి. ఆ శక్తిని తీసివేసిన బాక్టీరియాలున్నవానిలో శోథ యున్నను క్యాన్సరులు తగ్గినవి. ఈ విషము విడిచిన గుర్తులు మానవుల ప్రేగు క్యాన్సరులలోను ఉన్నవని 2020లో తేలినది. జన్యువు తలుపు తీసినను లోపలికి వచ్చువాడు ఒకడు కావలెను గదా!

చిన్న చిన్న తూకపు రాళ్లు

లించ్ కుటుంబములవంటివి అరుదు. మిగిలినవారిలో వంశపారంపర్యపు ముప్పు ఒక్క జన్యువులో లేదు. అనేక జన్యువులలో కొంచెము కొంచెముగ చిందియున్నది. దీనిని పట్టుటకు రోగులను, ఆరోగ్యవంతులను వేలకొలది చేర్చి, వారి జన్యువ్రాతలను అక్షరమక్షరము పోల్చి చూడవలెను. 2023లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో 1,00,204 మంది రోగులను, 1,54,587 మంది ఇతరులను ఇట్లు పోల్చిరి. పెద్దప్రేగు క్యాన్సరు ముప్పుతో సంబంధమున్న 205 భేదములు లెక్కకు వచ్చినవి. వీనికి సంబంధించిన జన్యువులు ప్రేగు పొర పెరుగుదల, కణములు ఒకదానినొకటి అంటిపెట్టుకొనియుండుట మొదలగు పనులతోబాటు, రోగనిరోధక శక్తికిని, సూక్ష్మజీవులతోడి వ్యవహారమునకును చెందినవై యున్నవి.

వీనిలో ఒక్కొక్క భేదము యొక్క బలము స్వల్పము. సాధారణముగ ముప్పును నూటికి అయిదు, పది, ఇరువది పాళ్లు పెంచుటయో తగ్గించుటయో చేయును. త్రాసులో వేసిన చిన్న రాళ్లవంటివి. ఒక రాయితో త్రాసు మొగ్గదు. అనేకము ఒకే ప్రక్కన పడినచో మొగ్గును. అప్పుడైనను రెండవ ప్రక్కన అలవాట్ల రాళ్లు వేసి సరిచూడ వీలున్నది. జపాను దేశమునుండి అమెరికాకు వలసపోయిన వారిలో, స్వదేశమునందు అరుదుగ నుండిన పెద్దప్రేగు క్యాన్సరు ఒకటి రెండు తరములలోనే అమెరికావారితో సమానముగ పెరిగినదని 1968లో వెల్లడియైనది. వారి జన్యువులు మారలేదు. తిండియు, బ్రతుకు తీరును మారినవి.

ఇచ్చట భారతీయులు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. 2023 నాటి పరిశీలనలో చేర్చబడినవారు ఐరోపా, తూర్పు ఆసియా జాతులవారు. ఒక జాతిలో కనిపించు భేదములు మరొక జాతిలో లేకపోవచ్చును. క్రోన్ వ్యాధికి దారితీయు నాడ్-2 భేదములు ఐరోపావారిలో సామాన్యమే యైనను, జపాను, చైనా ప్రజలలో దాదాపు కానరావు. భారతదేశమున వివాహములు వేల సంవత్సరములుగ ఆయా కులములలోనే జరుగుటచేత, ఒక్కొక్క సమూహములో కొన్ని జన్యుభేదములు పేరుకొన్నవని హైదరాబాదులోని కణజీవశాస్త్ర పరిశోధన కేంద్రము అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి 2009లో ప్రకటించిన పరిశీలన చూపినది. కావున పరదేశపు త్రాసుతో ఇచ్చటివారి ముప్పును తూచరాదు. ఇచ్చటి ప్రజలనుగూర్చి ఇచ్చటనే పరిశోధన జరుగవలెను.

చికిత్సలో క్రొత్త బాట

రోగనిరోధక జన్యువుల జ్ఞానము గ్రంథములకే పరిమితము కాలేదు. టి-లింఫోసైట్లు అదుపు తప్పకుండ వానిపై పగ్గములవంటి అణువులు కలవు. క్యాన్సరు కణములు ఈ పగ్గములను లాగి లింఫోసైట్లను నిలిపివేయును. పగ్గములను విప్పు మార్గమును చూపిన అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ అలిసన్, జపాను శాస్త్రజ్ఞుడు తసుకు హోంజో 2018లో నోబెల్ బహుమానము పొందిరి. నకలు తప్పులు దిద్దబడని ప్రేగు క్యాన్సరులు ఈ మందులకు చక్కగ లొంగునని 2015లో తెలిసినది. 2022లో న్యూయార్కు వైద్యులు ఇట్టి పురీషనాళ క్యాన్సరుగల 12 మందికి ఈ తరగతి మందు నొకదానిని ఆరు నెలలు ఇచ్చిరి. పన్నెండుగురిలోను గడ్డ కంటికి కనబడకుండ కరగిపోయినది. శస్త్రచికిత్స గాని, రేడియో కిరణములు గాని అవసరము కాలేదు. అయితే పెద్దప్రేగు క్యాన్సరులన్నింటిలో ఇట్టివి సుమారు నూటికి పదునైదు మాత్రమే. తక్కినవానిలో తలారిని మేల్కొలుపు ఉపాయమునకై పరిశోధనలు సాగుచున్నవి.

తెలిసికొని చేయవలసినది

ఈ విజ్ఞానమువలన సామాన్యునకు కలుగు ప్రయోజనమేమి? మొదటిది, కుటుంబ చరిత్ర తెలిసికొనుట. తల్లి, తండ్రి, తోబుట్టువు, సంతానము అను వీరిలో ఒకరికి పెద్దప్రేగు క్యాన్సరు వచ్చినచో మిగిలినవారికి ముప్పు సుమారు రెట్టింపు. అట్టివారు నలుబదియవ యేటనో, బంధువునకు వ్యాధి కనబడిన వయస్సునకు పదేండ్ల ముందో, ఏది ముందైనచో అప్పటినుండి కొలనోస్కోపీ అను దర్శిని పరీక్ష చేయించుకొనుట మంచిదని వైద్యులు సలహా యిచ్చుచున్నారు. ఈ పరీక్షలో కనబడిన పాలిప్‌ను అప్పుడే తీసివేయవచ్చును. తీసివేసిన పాలిప్ క్యాన్సరు కాజాలదు. లించ్ కుటుంబములవారికి ఈ పరీక్ష ఇరువది, ఇరువది యైదేండ్ల వయస్సునుండియే ఒకటి రెండేండ్లకొక పర్యాయము జరుగవలెను. అట్టివారు 861 మందిపై జరిపిన పరిశోధనలో, రెండేండ్లపాటు ఆస్పిరిన్ ఇచ్చినవారిలో తరువాతి పదేండ్లలో ప్రేగు క్యాన్సరులు సుమారు మూడవ వంతు తగ్గినట్లు 2020లో ప్రకటించిరి. కాని ఆస్పిరిన్ వలన కడుపులో రక్తస్రావము కలుగవచ్చును గనుక, వైద్యుని సలహా లేకుండ ఎవరును దానిని తీసికొనరాదు.

రెండవది, లక్షణములను నిర్లక్ష్యము చేయకుండుట. మలములో రక్తము కనబడినప్పుడు అనేకులు మొలలని తలచి నాటుమందులతో నెలల తరబడి కాలము గడుపుదురు. నిజముగ మొలలే కావచ్చును, కాకపోవచ్చును. విరేచనపు అలవాటు కారణము లేకుండ మారి కొన్ని వారములు అట్లే యున్నను, పెద్ద వయస్సున కారణము తెలియని రక్తహీనత కనబడినను పరీక్ష చేయించుకొనవలెను. పొగాకు, మద్యము మానుట, పీచుగల ధాన్యములు, కాయగూరలు తినుట, శరీరశ్రమ చేయుట అను వానివలన త్రాసు మంచి ప్రక్కకు మొగ్గును.

పుట్టుకతో వచ్చిన రోగనిరోధక జన్యువులను ఎవ్వరును ఎంచుకొనలేరు, మార్చుకొనలేరు. ఏనాటి పూర్వులో ఏ మహమ్మారినుండియో బ్రతికి బయటపడుటకు తోడ్పడిన జన్యురూపములే నేడు ఒకనిని క్యాన్సరునుండి కాపాడుచున్నవి, మరొకనిని శోథకు గురిచేయుచున్నవి. ఇందులో ఎవరి పాపమును, శాపమును లేవు. వ్యాధి వచ్చిన కుటుంబము దానిని దాచవలసిన పనియు లేదు. దాచినచో తోబుట్టువులకు, బిడ్డలకు తెలియవలసిన సంగతి తెలియకపోవును. పదేండ్ల గడువు వృథాగ గడచిపోవును. చెప్పుకొన్నచో ఆ గడువులోనే ఒక చిన్న కండమొటిమ దగ్గర వ్యాధి నిలిచిపోవును.